గోడ మీది పటం చెప్పని కథ

"ముందు అమ్మాయి ఫొటో పంపండి!"

పెళ్లి సంబంధం మాట కదిలిందంటే చాలు, మొదట వినిపించే మాట ఇదే. ఉన్నవాటిలో మంచి చీర కట్టించి స్టూడియోకి తీసుకెళ్లడం, 'కాస్త తల పైకెత్తమ్మా' అని ఫొటోగ్రాఫరు విసుక్కోవడం, ఆ ఫొటోని కవర్లో పెట్టి పంపి జవాబు కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూడడం... మనకు కొత్తేం కాదు. కెమెరా పుట్టడానికి మూడొందల ఏళ్ల ముందు యూరప్ రాజవంశాల్లోనూ సరిగ్గా ఇదే తంతు! కాకపోతే ఫొటోగ్రాఫరు బదులు చిత్రకారుడు వెళ్లేవాడు. చిత్రం గుర్రపు బండిలో, ఓడలో ప్రయాణం చేసి పెళ్లికొడుకు ముందుకొచ్చేది.

అలాంటి పటాలు ఇప్పుడు మ్యూజియం గోడల మీద వేలాడుతున్నాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు 'ఎంత బాగుందో' అనుకుని ముందుకు సాగిపోతారు. పటంలో ఉన్నామె ఎవరు? ఆ బొమ్మ ఎవరు గీయించారు? ఎవరి కోసం? ఆ తర్వాత ఆమె ఏమైంది? ఈ ప్రశ్నలు అడిగితే గాని అసలు కథ తెలియదు. అలాంటి ఐదు పటాల వెనక్కి ఒకసారి తొంగి చూద్దాం రండి.

రాజుగారికి నచ్చని పెళ్లికూతురు

ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ పేరు వినే ఉంటారు. ఆరు పెళ్లిళ్లు చేసుకున్న మహానుభావుడు! మూడో భార్య జేన్ సేమూర్ 1537లో కొడుకును కని, పన్నెండు రోజులకే చనిపోయింది. నాలుగో సంబంధం వెతకమన్నాడు రాజు. మంత్రి థామస్ క్రామ్‌వెల్ జర్మనీలోని క్లీవ్స్ సంస్థానం పిల్లను చూశాడు. పేరు యాన్. ఆమెను చూసిన రాయబారులు ఇచ్చిన నివేదికలో ఏముందంటే... కుట్టుపనిలో మంచి నేర్పరి, నెమ్మదస్తురాలు, కానీ పాట రాదు, వాయిద్యం రాదు, జర్మన్ తప్ప వేరే భాష రాదు.

రాజుకు పిల్ల ముఖం చూడాలనిపించింది. 1539లో తన ఆస్థాన చిత్రకారుడు హాన్స్ హోల్బైన్‌ను పంపాడు. హోల్బైన్ ఆమెను ఎదురుగా నిలబెట్టి గీశాడు. ఎరుపు, బంగారు రంగుల దుస్తులు, ముత్యాలు పొదిగిన తలకట్టు, ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న చేతులు, కాస్త వాలిన కనురెప్పలు. ఆ పటం ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. చూసి రాజు సరేనన్నాడు. సంబంధం ఖాయమైంది.

1540 జనవరి ఒకటిన ఆమె రోచెస్టర్ ఊళ్లో బస చేసి ఉంటే, హెన్రీ మారువేషంలో వెళ్లాడు. ప్రియుడిని ప్రియురాలు ఏ వేషంలో ఉన్నా గుర్తుపట్టాలని ఆయనగారి సరదా! కిటికీలోంచి వినోదం చూస్తున్న ఆ పిల్ల, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి ముద్దుపెట్టుకోబోతే ఏం చేస్తుంది? ముఖం తిప్పుకుంది. రాజు చిన్నబుచ్చుకున్నాడు. బయటికొచ్చి 'ఆమె నాకు నచ్చలేదు' అనేశాడు. అప్పటికి ఆయన వయసు నలభై ఎనిమిది. భారీ కాయం, కాలి మీద మానని పుండు. ఆయన ఆమెకు నచ్చాడా అని ఎవరైనా అడిగారా? లేదు.

జనవరి 6న పెళ్లి జరిగింది. జూలైలో ఆ పెళ్లి చెల్లదని తేల్చేశారు. హోల్బైన్‌కు ఏమీ కాలేదు. సంబంధం కుదిర్చిన క్రామ్‌వెల్ తల మాత్రం తెగింది. మరి యాన్? ఎదురు తిరగలేదు. రాజు చెప్పినదానికి ఒప్పుకుని, రిచ్‌మండ్ భవనంతో పాటు మరికొన్ని ఎస్టేట్లు తీసుకుని, 'రాజుగారి సోదరి' హోదాలో హాయిగా బతికింది. ఆమె తర్వాత వచ్చిన రాణి కాథరిన్ హోవర్డ్‌కు రెండేళ్లు తిరక్కుండానే మరణశిక్ష పడింది. హెన్రీ పోయాక, ఆయన మిగతా భార్యలందరూ పోయాక కూడా బతికుండి 1557లో కన్నుమూసింది యాన్. పటంలో నెమ్మదిగా నిలబడ్డ ఆ పిల్ల అందరికంటే తెలివైనదని ఎవరనుకున్నారు?

పటంలో ముసలితనం రాని రాణి

1553లో హెన్రీ పెద్దకూతురు మేరీ రాణి అయినప్పుడు ఊరేగింపులో ఆమె వెనక ఒకే బండిలో ఇద్దరు కూర్చున్నారు. ఒకరు యాన్. రెండోవారు ఆమె సవతికూతురు ఎలిజబెత్. ఎలిజబెత్‌కు మూడేళ్లయినా నిండకముందే ఆమె తల్లి యాన్ బొలీన్ తల నరికించాడు తండ్రి. మగవాడి ఇష్టాయిష్టాల మీద ఆధారపడితే ఏమవుతుందో ఆ పిల్లకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. 1558లో సింహాసనం ఎక్కాక ఆమె అసలు పెళ్లే చేసుకోలేదు. తన పటం ఎలా ఉండాలో కూడా తనే నిర్ణయించింది.

1563లో రాణి బొమ్మలు ఎవరుపడితే వాళ్లు గీయకూడదని, అధికారికంగా ఆమోదించిన ముఖచిత్రాన్ని చూసే గీయాలని ఒక ప్రకటన ముసాయిదా సిద్ధమైంది. 1596లో బాగాలేని పటాలను ఏరి పారేయమని మంత్రిమండలి ఆజ్ఞ ఇచ్చింది. అందుకే ఆమె ముఖం అరవై ఏళ్ల వయసులోనూ పటాల్లో పడుచుపిల్లలాగే ఉంటుంది!

అన్నిటిలోకి పేరుపడ్డది ఆర్మడా పటం. 1588లో స్పెయిన్ దేశం దాదాపు 130 ఓడలతో ఇంగ్లండు మీదికి దండెత్తి, ఓడి, తుఫానుల్లో చిక్కి చెల్లాచెదురైంది. ఆ విజయానికి గుర్తుగా గీసిన బొమ్మ ఇది. రాణి వెనక రెండు కిటికీల్లోంచి సముద్రం కనిపిస్తుంది. ఒక వైపు ఓడల బారులు, మరో వైపు తుఫానులో మునుగుతున్న శత్రువుల ఓడలు. ఒంటి నిండా ముత్యాలు. కుడిచెయ్యి భూగోళం మీద ఆనించి ఉంటుంది. అప్పటికి ఆమె వయసు 55. పటంలో ముడత ఒక్కటీ లేదు!

ఆ చేయి ఊరికే పెట్టింది కాదు. 1600 డిసెంబరు 31న ఈస్టిండియా కంపెనీకి పట్టా ఇచ్చింది ఈ రాణీగారే. పదకొండేళ్లు తిరక్కముందే ఆ కంపెనీ ఓడ మన మచిలీపట్నం రేవుకు చేరింది. 1611లో అక్కడ వాళ్ల వర్తక స్థావరం వెలిసింది. ఆ ఓడ పేరేమిటో తెలుసా? గ్లోబ్!

అయితే రాణి పటాలు చూస్తున్నప్పుడు ఇంకో ఆమెను కూడా తలచుకోవాలి. 1562లో ఎలిజబెత్‌కు మశూచి సోకి ప్రాణం మీదికొచ్చింది. దగ్గరుండి సేవ చేసిన మేరీ సిడ్నీకి ఆ జబ్బు అంటుకుంది. రాణి కోలుకుంది. మేరీ ముఖం మాత్రం మచ్చలతో గుర్తుపట్టలేనట్టు అయిపోయిందని ఆమె భర్తే రాసుకున్నాడు. ఒకరి ముఖానికి కలకాలం యవ్వనం. వేరొకరి ముఖం ఆ సేవలోనే కరిగిపోయింది.

ఆర్మడా పటం మూడు ప్రతులుగా మిగిలింది. వాటిలో ఒకదాన్ని 2016లో ప్రజలు చందాలు వేసుకుని మరీ కొని, లండన్‌లోని గ్రీనిచ్‌లో క్వీన్స్ హౌస్‌లో పెట్టారు. ఎలిజబెత్ పుట్టింది కూడా గ్రీనిచ్‌లోనే.

వీరుడి గదిలో వేలాడిన బొమ్మ

ఆ పక్కనే ఉన్న నౌకా మ్యూజియంలో మరో పటం ఉంది. రంగు సుద్దలతో గీసిన చిన్న బొమ్మ. నౌకాధిపతి నెల్సన్ తన ఓడ 'విక్టరీ'లో గది గోడకు తగిలించుకున్నది ఇదే. అందులో ఉన్నది ఎమ్మా హామిల్టన్.

ఎమ్మా 1765లో ఒక కమ్మరి ఇంట్లో పుట్టింది. పసిగుడ్డుగా ఉండగానే తండ్రి పోయాడు. చిన్నతనంలోనే ఇళ్లల్లో పనికి కుదిరింది. పదహారేళ్లకు ఒక జమీందారు వల్ల గర్భవతి అయితే అతను వదిలేశాడు. చార్లెస్ గ్రెవిల్ అనే పెద్దింటి కుర్రాడు ఆశ్రయమిచ్చాడు. పుట్టిన పాపను మాత్రం దూరంగా పెంచాలన్నాడు. 1782లో ఆమెను చిత్రకారుడు జార్జ్ రామ్నీ దగ్గరికి తీసుకెళ్లాడు. ఇక రామ్నీ కుంచె ఆగలేదు. దేవతగా, మంత్రగత్తెగా, నూలు వడికే పల్లెపడుచుగా ఆమెను పదుల సంఖ్యలో బొమ్మలు గీశాడు. ఊరంతా ఆ ముఖం తెలిసింది.

గ్రెవిల్‌కు డబ్బున్న పిల్లను పెళ్లాడాలనిపించింది. మరి ఎమ్మాను ఏం చెయ్యాలి? 1786లో ఇటలీలోని నేపుల్స్‌లో రాయబారిగా ఉన్న తన మేనమామ విలియం హామిల్టన్ దగ్గరికి పంపేశాడు. చూసి రమ్మన్నట్టు పంపాడు. తనను వదిలించుకున్నాడని ఆమెకు అక్కడికి వెళ్లాక గాని తెలియలేదు! ఎమ్మా కుంగిపోలేదు. ఇటాలియన్ నేర్చుకుంది, ఫ్రెంచి నేర్చుకుంది, సంగీతం నేర్చుకుంది. 1791లో హామిల్టన్ ఆమెను పెళ్లాడాడు. నేపుల్స్ రాణి మరియా కరోలినాకు ప్రాణస్నేహితురాలైంది. 1798లో ఫ్రెంచి సైన్యాలు ముంచుకొస్తుంటే రాజకుటుంబాన్ని నెల్సన్ ఓడలోకి చేర్చడంలో ఎమ్మాది పెద్ద చేయి. ఆ తుఫాను ప్రయాణంలో రాణిగారి చిన్నకొడుకు ప్రాణం వదిలింది ఎమ్మా చేతుల్లోనే.

నెల్సన్‌కు భార్య ఉంది. ఫ్యానీ. 1797లో అతని చెయ్యి పోయినప్పుడు దగ్గరుండి గాయాలు కడిగిన ఇల్లాలు. ఆమెను కాదని నెల్సన్ ఎమ్మాకు దగ్గరయ్యాడు. 1801లో హొరేషియా అనే కూతురు పుట్టింది. ఇందులో ఎవరిది తప్పు, ఎంత తప్పు అని తర్కించడం తేలికే. కానీ ఆ తర్వాత జరిగింది చూడండి.

1805 అక్టోబరు 21. ట్రఫాల్గర్ యుద్ధం మొదలయ్యే ముందు నెల్సన్ తన వీలునామాకు ఒక కాగితం చేర్చాడు. ఎమ్మాను, కూతురిని దేశానికి అప్పగిస్తున్నానని, వాళ్లను చూసుకొమ్మని రాశాడు. ఆ మధ్యాహ్నమే తూటా తగిలి ప్రాణం విడిచాడు. దేశం ఆయనకు ఘనంగా అంత్యక్రియలు చేసింది. యుద్ధం ముఖం చూడని అన్నగారికి ఎర్ల్ బిరుదు, ఏటా 5,000 పౌన్ల భృతి. భార్య ఫ్యానీకి ఏటా 2,000. ఎమ్మాకు? పైసా రాలేదు.

నెల్సన్ ఇచ్చిన ఇల్లు, కొంత ఆదాయం ఉన్నా ఎమ్మాకు చేతి ఖర్చు ఎక్కువ. అప్పులు పెరిగాయి. 1813లో అప్పులవాళ్ల జైలు. ఆ తర్వాత కూతురితో ఫ్రాన్సుకు పారిపోయింది. 1815 జనవరిలో కలే రేవులో, 49 ఏళ్ల వయసులో, దరిద్రంలో చనిపోయింది. చివరి రోజుల్లో సేవ చేసింది ఇంకా పద్నాలుగేళ్లు నిండని హొరేషియా. నీ కన్నతల్లిని నేనేనని ఆ బిడ్డతో ఎమ్మా ఎన్నడూ ఒప్పుకోలేకపోయింది.

నెల్సన్ చనిపోయినప్పుడు వేసుకున్న కోటు కూడా గ్రీనిచ్‌లోనే ఉంది. భుజం దగ్గర తూటా రంధ్రంతో సహా! ఎమ్మా దాచుకున్న ఆ కోటు అప్పుల కింద పరాయి చేతికి పోయింది. 1845లో విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ కొని గ్రీనిచ్‌కు ఇచ్చాడు. వీరుడి కోటుకు విలువ ఇచ్చిన దేశం, అతను అప్పగించి వెళ్లిన మనిషికి ఇవ్వలేదు.

చెల్లెలి బొమ్మ గీసిన అక్క

ట్రఫాల్గర్ యుద్ధంలో ఉండాల్సి, ఓడను సరుకుల కోసం జిబ్రాల్టర్ పంపడం వల్ల ఆ అవకాశం తప్పిపోయి బాధపడిన కెప్టెన్ ఒకరున్నారు. పేరు ఫ్రాన్సిస్ ఆస్టిన్. ఆయన చెల్లెలే నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్! 1813లో కవి రాబర్ట్ సదీ రాసిన నెల్సన్ జీవితచరిత్ర వచ్చింది. నెల్సన్ చరిత్రలంటే విసుగొచ్చిందని, ఇందులో మా అన్న పేరుంటే మాత్రం చదువుతానని జేన్ ఉత్తరంలో చమత్కరించింది.

ఆ ఉత్తరం రాసింది అక్క కసాండ్రాకు. ఇద్దరికీ పెళ్లి కాలేదు, ఇద్దరిదీ ఒకే ఊపిరి. 1810 ప్రాంతంలో కసాండ్రా చెల్లెలి బొమ్మ గీసింది. అరచేతిలో ఇమిడిపోయేంత కాగితం, పెన్సిలు, కాస్త నీటిరంగు. తల మీద టోపీ, ముడుచుకున్న చేతులు, పక్కకు తిప్పిన చూపు, బిగించిన పెదవులు. 'త్వరగా కానివ్వక్కా, నాకు పనుంది' అన్నట్టుంటుంది! ఇది ఇప్పుడు లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది.

జేన్ బతికుండగా ఆమె పుస్తకాల మీద పేరు లేదు. 1811లో మొదటి నవల 'ఒక మహిళ' రాసిందనే వచ్చింది. దాని మీద ఆమెకు మిగిలింది 140 పౌన్లు. 1817లో 41 ఏళ్లకే ఆమె కన్నుమూశాకే అసలు పేరు లోకానికి తెలిసింది.

యాభై ఏళ్ల తర్వాత మేనల్లుడు ఆమె జీవితచరిత్ర రాశాడు. పుస్తకంలో వేయడానికి అక్క గీసిన బొమ్మ ఆయనకు సరిపోలేదు! ఒక చిత్రకారుడితో దాన్ని మళ్లీ గీయించాడు. కళ్లు పెద్దవయ్యాయి, పెదవులు మెత్తబడ్డాయి, ముడుచుకున్న చేతులు మాయమయ్యాయి. పదునైన మనిషి కాస్తా సాధువైన అత్తయ్యగా మారిపోయింది. 2017లో ఇంగ్లండు పది పౌన్ల నోటు మీదికి ఎక్కింది ఈ సవరించిన ముఖమే. నోట్ల మీద రాణి తప్ప వేరే స్త్రీ లేకుండా పోతోందని ఒక మహిళ పోరాడితే ఈ నోటు వచ్చింది. వచ్చినా, ముఖం మాత్రం మేనల్లుడు దిద్దించినదే!

అక్క గీసినది అచ్చం జేన్‌లా ఉందా అంటే ఇంట్లోవాళ్లే కాదన్నారు. పోలిక కుదరలేదేమో. కానీ మిగతా బొమ్మల్లో లేనిది ఒకటి ఇందులో ఉంది. జేన్‌ను దేవతలా చూపాలనీ, ఎవరికో నచ్చేలా చేయాలనీ గీసినది కాదిది. ఎదురుగా కూర్చున్న మనిషిని ఉన్నదున్నట్టు గీసింది.

మడతలు పడ్డ ముగ్గురు

నెల్సన్ చరిత్ర రాసిన సదీకి 1836 చివర్లో ఒక పల్లెటూరి టీచరమ్మ ఉత్తరం రాసింది. తన కవితలు పంపి అభిప్రాయం అడిగింది. సాహిత్యం ఆడవాళ్ల బతుకుతెరువు కాదు, కాకూడదు కూడా అని ఆయన జవాబిచ్చాడు. ఆమె షార్లెట్ బ్రాంటీ. విచిత్రం ఏమిటంటే ఆ ఇంటిపేరుకూ నెల్సన్‌తో చుట్టరికం ఉందంటారు. షార్లెట్ తండ్రి అసలు ఇంటిపేరు బ్రంటీ. నెల్సన్‌కు సిసిలీలో 'బ్రాంటీ' ప్రభువు అన్న బిరుదు ఉండేది. ఆ అభిమానంతోనే తండ్రి పేరు మార్చుకున్నాడని చాలామంది అభిప్రాయం.

షార్లెట్, ఎమిలీ, యాన్... ముగ్గురు అక్కచెల్లెళ్లు. ఒక్కడే మగపిల్లాడు బ్రాన్‌వెల్. ఇంటి ఆశలన్నీ వాడి మీదే. చిత్రకళ నేర్పించారు. అక్కచెల్లెళ్లేమో పెద్దింటి పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగాలకు వెళ్లారు. 1834 ప్రాంతంలో బ్రాన్‌వెల్ ముగ్గురి బొమ్మా గీశాడు. మధ్యలో తనను కూడా గీసుకుని, ఎందుకో మళ్లీ చెరిపేసి అక్కడ స్తంభం వేశాడు. ఏళ్లు గడిచేకొద్దీ పైరంగు పలచబడి స్తంభంలోంచి నీడలా ఆ ముఖం తేలింది! తర్వాత అతను తాగుడుకు బానిసై 1848లో పోయాడు.

అక్కచెల్లెళ్లు 1846లో మగపేర్లలా ధ్వనించే మారుపేర్లతో కవితలు అచ్చువేసుకున్నారు. అమ్ముడుపోయినవి రెండంటే రెండు ప్రతులు. మరుసటి ఏడాది 'జేన్ ఐర్', 'వుదరింగ్ హైట్స్', 'యాగ్నెస్ గ్రే' వచ్చాయి. ఇవన్నీ ఒకే మగవాడు రాశాడని పుకారు పుడితే, షార్లెట్, యాన్ రాత్రి రైలెక్కి లండన్ వెళ్లి పబ్లిషరు ముందు నిలబడ్డారు. ఆయన నోట మాట రాలేదట!

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. 1848 డిసెంబరులో ఎమిలీ, 1849 మేలో యాన్ పోయారు. 1854లో పెళ్లి చేసుకున్న షార్లెట్ ఏడాది తిరక్కుండానే వెళ్లిపోయింది. ఆమె భర్త ఐర్లండు వెళ్లి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆయన పోయాక, 1914లో, బీరువా మీద మడతపెట్టి ఉన్న ఒక గుడ్డ ఆ రెండో భార్య కంటపడింది. విప్పితే ముగ్గురు అక్కచెల్లెళ్లు! ఇప్పుడు ఆ పటం కూడా లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలోనే ఉంది. మడత గీతలు ముఖాల మధ్య ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. కొత్తరంగు వేసి వాటిని కప్పేయలేదు. మంచిపని చేశారు.

మరి మన ఆల్బంలో...

ఐదు పటాలు చూశాం. ఒకటి పెళ్లికొడుకు కోసం, ఒకటి రాజ్యం కోసం, ఒకటి ప్రియుడి గది కోసం. ఒకటి తమ్ముడు గీసి తానే సగం చెరుపుకున్నది. ఐదింటిలో ఒక ఆడమనిషి చేతి గీత ఒక్కటే. సవరణ పడింది కూడా దానికే!

మన ఇళ్లల్లోనూ అమ్మమ్మ, నాయనమ్మల ఫొటో ఒకటో రెండో ఉంటాయి. ఎక్కువగా పెళ్లినాటివో, తాతయ్య కుర్చీలో కూర్చుంటే పక్కన నిలబడ్డవో. దండ వేసి, బొట్టు పెట్టి వదిలేస్తాం. ఆ పటంలో ఉన్నామె ఏం చదువుకుంది, ఏం చదవాలనుకుంది, దేనికి నవ్వేది, దేనికి కోపం వచ్చేది... తెలిసినవాళ్లు ఇంట్లో ఇంకా ఉంటే ఈ రోజే అడగండి. విన్నది ఒక కాగితం మీద రాసి ఫొటో వెనక పెట్టండి. బొమ్మ గీయడం రాకపోయినా ఫరవాలేదు. కసాండ్రా కూడా పెద్ద చిత్రకారిణేం కాదు కదా!